ఒక చెంపకు అయిదు కత్తులు

టీవీ ప్రకటనలో గడ్డం గీసుకునేవాణ్ణి ఎప్పుడైనా సరిగ్గా చూశారా? అతనికి గడ్డం ఉన్న దాఖలాయే ఉండదు. ముందే నున్నగా ఉన్న మొహానికి తెల్లటి నురుగు పూసుకుని, ఆ నురుగును రేజరుతో తుడిచేస్తాడు. తుడిచిన మేరా చెంప తళతళలాడుతుంది. కంప్యూటరు బొమ్మలో ఒంటరి వెంట్రుక ఒకటి నిటారుగా నిలబడుతుంది. అయిదు కత్తులు వరసగా వచ్చి దాన్ని మర్యాదగా సాగనంపుతాయి. నెత్తురు చుక్క లేదు, ఎర్రటి చార లేదు. అంతలో ఎక్కణ్ణించో ఒక అమ్మాయి వచ్చి ఆ చెంప నిమురుతుంది. పాపం, ఆమెకు వేరే పనేమీ ఉన్నట్టు లేదు.

టీవీ కట్టేసి, పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట మెట్రో స్టేషన్లోనో విజయవాడ బస్టాండులోనో నిలబడి మగవాళ్ళ మెడలు చూడండి. కాలరు ఒరుసుకునే చోట కందిపోయిన చారలు. దవడ కింద ఆవగింజలంత పొక్కులు. గోక్కోవాలని లేచి, ఎవరైనా చూస్తారేమోనని కాలరు సర్దుకుంటున్నట్టు నటించే చేతులు. వీళ్ళ చెంపలు నిమరడానికి ఎవరూ రారు. వచ్చి నిమిరితే కెవ్వుమంటారు.

వాళ్ళలో ఎవరినైనా అడిగితే తప్పు చేసినవాడిలా తల దించుకుని, "నాది సెన్సిటివ్ స్కినండీ" అంటాడు. ఎంత చక్కటి తీర్పో చూడండి. కోసిన కత్తి నిర్దోషి, కోత పడ్డ చర్మం ముద్దాయి. పైగా ఆ ముద్దాయి కోసం ప్రత్యేకంగా 'సెన్సిటివ్' అని రాసిన డబ్బా ఒకటి, మామూలు దానికంటే నాలుగు డబ్బులు ఎక్కువకు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే కొన్నింట్లో సువాసన ద్రవ్యం దర్జాగా కూర్చుని ఉంటుంది. చర్మానికి ఎలర్జీ తెప్పించేవాటిలో ముందు వరసలో ఉండేది అదే.

ఈ కత్తుల వంశవృక్షం చూస్తే సంగతి తెలుస్తుంది. 1904లో కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమెరికన్, వాడి పారేసే పల్చటి బ్లేడుతో పనిచేసే సేఫ్టీ రేజరుకు పేటెంటు సంపాదించాడు. చర్మానికి ఒకసారికి తగిలేది ఒకే అంచు. ఆ ఒక్క అంచుతోనే ప్రపంచం రెండు మహాయుద్ధాలు చేసింది. మన తాతలు ఆ ఒక్క అంచుతోనే పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చారు. 1971లో ఒకటి చాలదని జిలెట్ కంపెనీ రెండు బ్లేడ్ల ట్రాక్ టూ తెచ్చింది. 1998లో మూడింటితో మాక్ త్రీ. 2003లో పోటీ కంపెనీ షిక్ నాలుగింటితో క్వాట్రో దింపింది. పౌరుషం ఊరుకోదు కదా, 2006లో జిలెట్ అయిదింటితో ఫ్యూజన్ తెచ్చింది. కొరియాకు చెందిన డోర్కో ఏడుదాకా వెళ్ళింది. ఇన్నేళ్ళలో మనిషి చెంప వైశాల్యం మాత్రం పెరగలేదు.

ఇందులో వ్యంగ్యం రాసే మా వృత్తివాళ్ళ పాపమూ కొంత ఉంది. 1975 అక్టోబరులో అమెరికాలో 'సాటర్‌డే నైట్ లైవ్' అనే టీవీ హాస్య కార్యక్రమం మొట్టమొదటి ఎపిసోడులోనే మూడు బ్లేడ్ల రేజరు మీద ఉత్తుత్తి ప్రకటన ఒకటి వేశారు. మూడా, మరీ విడ్డూరం కాకపోతేనని జనం పగలబడి నవ్వారు. ఇరవై మూడేళ్ళకు అది షాపుల్లో దొరికింది. 2004లో 'ది ఆనియన్' అనే వ్యంగ్య పత్రిక అయిదు బ్లేడ్లంటూ ఎగతాళి చేసింది. దానికి రెండేళ్ళే పట్టింది. మేం వెక్కిరించిందల్లా వాళ్ళు తయారుచేసి అమ్ముతున్నారు. అందుకే ఏడు తర్వాతి సంఖ్యను ఈ వ్యాసంలో ఎక్కడా రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఇంతకీ అయిదు కత్తులు చేసే ఘనకార్యం ఏమిటి? మొదటిది వెంట్రుకను పట్టి కాస్త బయటికి లాగుతుంది. అది వెనక్కి జారేలోపు తర్వాతిది వచ్చి కోస్తుంది. మిగిలిన మొదలు చర్మం మట్టానికి దిగువకు జారుకుంటుంది. దీన్నే 'అతి దగ్గరి షేవ్' అని అమ్ముతారు. నిటారు జుట్టువాడికి పరవాలేదు. ఉంగరాలు తిరిగే గడ్డమైతే, ఆ వాడి కొన బయటికి దారి తెలియక పక్కనున్న చర్మంలోకే పొడుచుకుంటుంది. ఒంటికి అది సొంత వెంట్రుకని తెలియదు, ముల్లు గుచ్చుకుందనుకుని యుద్ధం ప్రకటిస్తుంది. మెడ మీది పొక్కు ఆ యుద్ధభూమి.

మంట కథ వేరు. చర్మం పైపొర మందం మిల్లీమీటరులో వందో వంతో, మహా అయితే రెండు వంతులో. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి మురికి లోపలికి రాకుండా కాపలా కాసేది అదే. ఒక్కసారి గీస్తే దాని మీద అయిదు కత్తులు నడిచినట్టు. అదే చోట నాలుగుసార్లు గీస్తే ఇరవై. చేత్తో తడుముకుని, ఇంకా గరుకుగా ఉందని ఎదురు గీస్తే మరో ఇరవై. గడ్డం పోయిన తర్వాత కత్తి గీసేది దేన్ననుకున్నారు? కాపలావాణ్ణి.

ఇంత బీభత్సం దేనికంటే, సాయంత్రందాకా ఉండని నునుపు కోసం. గడ్డం రోజుకు సుమారు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. పొద్దున గెలిచిన రాజ్యం ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికే చేజారుతుంది. మర్నాడు మళ్ళీ దండయాత్ర, అదే నేల మీద, నిన్నటి గాయాల మీదుగా.

మన దేశం మీదికి ఈ దండయాత్ర వచ్చిన వైనం ముచ్చటగా ఉంటుంది. జిలెట్ 2002లో భారతీయుల కోసమని వెక్టర్ అనే రేజరు తెచ్చింది. ముందుగా భారతీయుల మీదే పరీక్షించారు. ఎక్కడున్న భారతీయులు? అమెరికాలో, ఎంఐటీలో చదువుకుంటున్న కుర్రాళ్ళు. వాళ్ళకు బ్రహ్మాండంగా నచ్చింది. ఇక్కడికొస్తే బోల్తా పడింది. కారణం కొళాయి. అక్కడ ధారగా పారే నీళ్ళ కింద పెడితే రేజరులో ఇరుక్కున్న వెంట్రుకలు కొట్టుకుపోతాయి. ఇక్కడ లక్షలమంది చిన్న గిన్నెలో నీళ్ళు, గోడకు చిన్న అద్దం పెట్టుకుని గీసుకుంటారు. ఆ గిన్నెలో ముంచితే రేజరు నోరు మూసుకుపోతుంది. అది తెలియడానికి అంత పెద్ద కంపెనీకి ఒక రేజరు ఖర్చయింది. తర్వాత బుద్ధిగా మన ఇళ్ళలో, సెలూన్లలో వేల గంటలు కూర్చుని చూసి, 2010లో గార్డ్ అనేది తెచ్చారు. అప్పట్లో ధర 15 రూపాయలు, మార్చుకునే బ్లేడు 5 రూపాయలు. అందులో ఎన్ని కత్తులనుకున్నారు? ఒకటి! డబ్బున్నవాడి చెంపకు అయిదు, లేనివాడికి ఒకటి. పొక్కులు లేచే మెడకు ఒక్క బ్లేడే మేలని చర్మవైద్యులు చాలామంది చెబుతారు గనక, మన దేశంలో పేదరికం ఒక మనిషికి మేలు చేసిన బహు అరుదైన సందర్భం ఇది.

అదే రోజుల్లో 'ఉమెన్ ఎగైన్‌స్ట్ లేజీ స్టబుల్' అంటూ అదే కంపెనీ ఇక్కడ ఒక ఉద్యమం లేవదీసింది. గీయని గడ్డం బద్ధకానికి గుర్తట, ఆడవాళ్ళకు నచ్చదట. ఉద్యమాలకు మన గడ్డ మీద కొదవ లేదు గానీ, గడ్డానికి వ్యతిరేకంగా ఉద్యమం మాత్రం అదే మొదలు. మరి కొన్నేళ్ళకు క్రికెటర్లు గడ్డాలు పెంచారు. 2017లో 'అర్జున్ రెడ్డి' సినిమా వచ్చాక తెలుగు కుర్రాడి దవడ కనబడటం మానేసింది. ఉద్యమం ఏమైందో ఎవరికీ తెలియదు. అంగట్లో రేజర్ల అర మీదికే బియర్డ్ ఆయిలు సీసాలు వచ్చి చేరాయి. గీస్తే రేజరు కొనాలి, గీయకపోతే నూనె కొనాలి. మగవాడి గడ్డం కొనుగోలు లేకుండా ఒక్కరోజు గడవకూడదు.

అయిదు కత్తుల తల ఖరీదైనది. ఖరీదైనదాన్ని తెలుగువాడు అంత తేలిగ్గా పారెయ్యడు. గాజుగ్లాసు లోపల బ్లేడు అరగదీసి ఇంకో వారం లాగించిన వంశం మనది. కాబట్టి వారం వాడాల్సింది మూడు నెలలు నడుస్తుంది. పైన జారుడు కోసం అతికించిన పట్టీ కరిగి తెల్లబడినా, తుప్పు తొంగిచూసినా, "ఇంకో రెండుసార్లు వస్తుందిలే" అంటాడు. 2020లో ఎంఐటీ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక సంగతి ప్రకటించారు. ఉక్కుకంటే యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక, ఒరిగి తగిలినప్పుడు బ్లేడు అంచును పెచ్చులుగా ఊడగొడుతుందని. అంటే ఆ అంచు ఇప్పుడు రంపం. రంపంతో మెడ కోసుకుంటూ, మంట పుడుతోందేమిటని ఆశ్చర్యపోవడం మన ప్రత్యేకత. ఖరీదు వల్ల పాతది వాడతాం, పాతది వాడటం వల్ల మంట, మంట వల్ల ఇంకా ఖరీదైనది కొంటాం. ఈ చక్రం తిప్పినవాడికి అర్థశాస్త్రంలో ఏదో ఒక బహుమతి ఇవ్వాల్సిందే.

ఇంట్లో వద్దు, సెలూన్‌కే పోదాం అంటారా? అక్కడ మీ కోసం ఒక ప్రశ్న కాచుకుని ఉంటుంది.

"సార్, డబుల్ కొట్టమంటారా?"

వద్దన్న మగవాణ్ణి నేను చూడలేదు. మా వీధి సెలూన్ కుర్రాణ్ణి ఒకసారి అడిగాను, "తమ్ముడూ, ఎదురు గీస్తే పొక్కులొస్తాయని నీకు తెలియదా?" అని.

"ఎందుకు తెలియదు సార్? ఒక్కసారి గీసి వదిలేస్తే, డబ్బులు తీసుకుని సగం పనే చేశాడంటారు. పొక్కులొస్తే మాత్రం, బ్లేడు మంచిది కాదంటారు. రెండోదే నయం, బ్లేడు కంపెనీ మీదికి పోతుంది."

ఆ సెలూన్లో నాకు కనబడిన ఏకైక జ్ఞాని, కుర్చీ వెనక నిలబడ్డవాడు. ఎయిడ్స్ ప్రచారం పుణ్యమా అని "కొత్త బ్లేడు వెయ్యి" అనడం మనవాళ్ళు నేర్చుకున్నారు. సంతోషం. కానీ ఆ వెంటనే పొద్దుట్నించీ పదిమంది కోతల మీద తిరిగొచ్చిన పటిక ముక్కకు మొహం అప్పగించి, హాయిగా కళ్ళు మూసుకుంటారు. పటిక చిన్న గాటు నుంచి నెత్తురు ఆపుతుంది, నిజమే. గాటు లేనిచోట రుద్దితే మంటెత్తిన చర్మాన్ని ఇంకా బిగదీసి ఎండబెడుతుంది. సొంత ముక్క ఇంట్లో ఉంచుకుని, తెగినచోట మాత్రమే అద్దుకునేవాణ్ణి నాకు చూపిస్తే దండ వేస్తాను.

పటిక తర్వాత ఆఫ్టర్ షేవ్. కరీంనగర్ నుంచి కడపదాకా దుబాయ్ వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్న ప్రతి ఇంట్లోనూ అద్దం పక్కన ఆ రంగు సీసా ఒకటి ఉంటుంది. అరచేతిలో పోసుకుని, రెండు చెంపలూ చరుచుకుని, పళ్ళు బిగించి 'స్స్స్' అంటాడు ఇంటి యజమాని. ఆ మంట తన మగతనానికి అందిన సర్టిఫికెట్ అని అతని నమ్మకం. అసలు జరిగేది వేరు. చర్మంలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది. ఆల్కహాలు తగిలితే 34 డిగ్రీలకే మేలుకుంటుంది. అంటే మన ఒంటి వెచ్చదనమే మనకు నిప్పులా తోస్తుంది. గుంటూరు మిరపకాయ కారానికి నాలుక మీద అరిచేదీ ఇదే గ్రాహకం. చెంపకు కారం పూసుకున్నా ఇదే సర్టిఫికెట్ వస్తుంది, సీసా ఖర్చు మిగులుతుంది. వాసన అంత బావుండదు, అంతే.

మంట తగ్గకపోతే తెలుగువాడు డాక్టరు దగ్గరికి వెళ్ళడు, మందుల షాపుకు వెళతాడు. "అన్నా, గడ్డం దగ్గర మంట, ఏదన్నా ట్యూబ్ ఇయ్యి." అన్న ఇస్తాడు. ఒక బలమైన స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు, మూడూ ఒకే ట్యూబులో. రోగం ఏదైనా మూడింట్లో ఒకటి తగలకపోతుందా అని. రెండు రోజుల్లో ఎరుపు మాయం! ఇక వదలడు. గడ్డం గీసిన ప్రతిసారీ పూస్తాడు. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడుతుంది, సన్నటి నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి. మానేస్తే ముందుకంటే రెట్టింపు ఎరుపు. దేశమంతటా ఇలాంటి మొహాలు చూసి చూసి చర్మవైద్యులు మొత్తుకోగా, 2018 మార్చిలో కేంద్రం పద్నాలుగు స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ కబురు ఢిల్లీ నుంచి మన సందు చివరి షాపుకు ఇంకా ప్రయాణం చేస్తూనే ఉంది. తక్కువ శక్తి ఉన్న ఒక శాతం హైడ్రోకార్టిసోన్ రెండు మూడు రోజులు పూయమని డాక్టరు చెప్పడం వేరు, 'అన్న' ఇచ్చిన ట్యూబు వేరు. మొదటిదానికి చివరి తేదీ ఉంటుంది.

మన చాయ చర్మానికి ఇంకో గుణం ఉంది. వాచి మానినచోట నల్లటి మచ్చ మిగులుతుంది, నెలల తరబడి పోదు. అదిగో, ఆ మచ్చ దగ్గర తర్వాతి వ్యాపారి నవ్వుతూ నిలబడి ఉంటాడు. 2005లోనే ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ అని మగవాళ్ళకు విడిగా తెల్లబరిచే క్రీము వచ్చింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్ళు 'ఫెయిర్' అనడానికి సిగ్గుపడి, మగవాళ్ళ సరుకుకు గ్లో అండ్ హ్యాండ్సమ్ అని పేరు పెడితే, హ్యాండ్సమ్ మాదంటే మాదని రెండు కంపెనీలూ కోర్టుకెక్కాయి. రేజరువాడు కోశాడు, సీసావాడు మండించాడు, ట్యూబువాడు పల్చబరిచాడు, క్రీమువాడు తెల్లబరుస్తానన్నాడు. ఒక్క చెంప మీద ఇంతమంది బతుకుతున్నారు. దీన్ని ఉపాధి హామీ పథకంలో చేర్చకపోవడం అన్యాయం.

ప్రకటన లేని వైద్యం ఒకటి ఉంది. ఎవరికీ లాభం లేనిది గనక దానికి ప్రకటన లేదు. గడ్డం స్నానానికి ముందు కాదు, తర్వాత గీసుకోవాలి. గోరువెచ్చటి నీళ్ళలో రెండు మూడు నిమిషాలు నానితే వెంట్రుక మెత్తబడి కత్తికి లొంగుతుంది. మనం సరిగ్గా తిరగేసి, పొడి మొహం మీద నురుగు పామి, గీసి, ఆ కోతల మీద ఒంటి సబ్బు రుద్దుతాం. చర్మం కాస్త ఆమ్లం, సబ్బు క్షారం. ఆ రెంటికీ ఎప్పుడూ పడదు. ఇక గడ్డం ఎటు మొలుస్తోందో వేళ్ళతో తడిమి చూసుకోవాలి. చెంప మీద కిందికి ఉంటుంది, మెడ మీద కొందరికి పైకి, కొందరికి అడ్డంగా, కొందరికి సుడి తిరిగి కూడా ఉంటుంది. సొంత మెడ మ్యాపు తెలియనివాడు గూగుల్ మ్యాపులో ఏ వీధి వెతికి ఏం లాభం? ఎటు మొలిస్తే అటే గీయాలి. చర్మం లాగిపట్టకూడదు, నొక్కకూడదు. ప్రతి గీతకూ రేజరు కడగాలి. ఒక్కసారి గీసి ఆగాలి. ఆ ఆగడమే కష్టం. వేలికి తగిలే ఆ కాస్త గరుకును వదిలెయ్యడానికి ఋషికి ఉండేంత నిగ్రహం కావాలి.

తర్వాత చన్నీళ్ళు, మెత్తటి తువ్వాలుతో అద్దుకోవడం, వాసన లేని మామూలు మాయిశ్చరైజరు. కలబంద గుజ్జు పడేవాళ్ళకు అదీ మంచిదే. అప్పటికే మంటెత్తి ఉంటే చల్లటి తడిబట్ట పరిచి, రెండు మూడు రోజులు కత్తి ముట్టకుండా ఉండాలి. పొక్కును గోటితో గిల్లి వెంట్రుకను పీకే శస్త్రచికిత్స ఆపాలి. చీము పట్టినా, గట్టి గడ్డలు లేచినా చర్మవైద్యుడి దగ్గరికి. మళ్ళీ మళ్ళీ పొక్కులు లేచేవాళ్ళు రేజరు పక్కన పడేసి, అర మిల్లీమీటరు మిగిల్చే ట్రిమ్మరుకు మారిపోవచ్చు. అర మిల్లీమీటరు గడ్డానికి ఇంతవరకు ఏ సంబంధమూ తప్పిపోలేదు.

కత్తికి సెలవిచ్చే పద్ధతి మనకు కొత్త కూడా కాదు. మంగళవారం వద్దు, శుక్రవారం వద్దు, శనివారం అసలే వద్దు అని బామ్మ అడ్డుపడితే, మూఢనమ్మకమని చదువుకున్న మనవడు విసుక్కున్నాడు. ఆమె చెప్పిన కారణం ఏదైనా, చెంపకు వారంలో మూడు రోజులు విశ్రాంతి దొరికేది. ఇక అయ్యప్ప మాల సంగతి. మెడ నిండా పొక్కులున్నవాడిని ఒక నెలపాటు కత్తి ముట్టవద్దని చర్మవైద్యుడు ఫీజు తీసుకుని చెబుతాడు. గురుస్వామి మాల వేసి 41 రోజులు ఆపిస్తాడు. కార్తీకంలో మాల వేసిన స్వామి మెడ మార్గశిరానికల్లా పసిపాప మెడ. కొండ దిగి ఇంటికొచ్చి, నెలన్నరగా తుప్పు పట్టిన పాత రేజరు తీసి, కత్తెరతోనైనా పొట్టి చేసుకోకుండా ఆ గుబురు గడ్డాన్ని ఎదురు గీస్తాడు. సంక్రాంతి ముగ్గుల నాటికి మెడ మీద చుక్కలు మళ్ళీ సిద్ధం.

వీళ్ళంతా కోరి కోయించుకునేవాళ్ళు. కోరకుండానే కోతకు గురయ్యేవాడు ఒకడున్నాడు: ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడు. పద్ధెనిమిదేళ్ళు, మొటిమల మొహం, ఇంకా దారి కుదరని కొత్త గడ్డం. గేటు దగ్గర క్రమశిక్షణ కమిటీ పేరుతో ఒక లెక్చరర్ నిలబడి, చుబుకం పైకెత్తించి చూస్తాడు. నిన్నటి గరుకు కనబడితే లోపలికి పంపడు. "సార్, గీస్తే పొక్కులొస్తున్నాయి" అంటే, "సాకులు చెప్పకు, క్లీన్ షేవ్ చేసుకురా" అంటాడు. అమెరికా సైన్యంలో సైతం ఈ జబ్బుకు డాక్టరు కాగితం ఇస్తే గడ్డం మినహాయింపు ఉంటూ వచ్చింది. తుపాకీ పట్టినవాడికి దొరికిన కాగితం మెకానికల్ సెకండియర్‌వాడికి దొరకదు. వాడు హాస్టలుకు పరిగెత్తి, రూమ్మేట్ రేజరు తీసుకుని, పొడి మొహం మీదే నాలుగు గీతలు గీసుకుని, నెత్తురు చుక్కల మీద కాగితం ముక్కలు అంటించుకుని తిరిగొస్తాడు. అప్పుడు గేటు తెరుచుకుంటుంది. సదరు లెక్చరర్ గారికి నిండుగా, సొగసుగా దువ్విన గడ్డం ఉంటుంది. అది వేరే విషయం, ఆయనది పీహెచ్‌డీ.

ఇదంతా ప్లేస్‌మెంట్ కోసమేనట. ఆ రోజు రానే వస్తుంది. ఇస్త్రీ చొక్కా, కొత్త టై, కాలరు తగిలినప్పుడల్లా భగ్గుమనే మెడతో కుర్రాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. తెర మీద బెంగుళూరు నుంచి హెచ్చార్ ఆఫీసరు ప్రత్యక్షమవుతాడు, టీషర్టులో, గుండెల దాకా గడ్డంతో. అరగంట ప్రశ్నలడిగి, చివర్లో చిరునవ్వు నవ్వి, "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటాడు. కుర్రాడి దగ్గర ఒకే ఒక్క ప్రశ్న ఉంది. అడిగితే ఉద్యోగం రాదు.